మా బావ పట్టు గాలం

మా బావ గోవిందరాజులు చేపలు తినే మనిషే గాని పట్టే మనిషి కాదు. ధర్మవరంలో మా వీధి మగవాళ్ళు తెల్లవారి మగ్గం గుంతలో కాళ్ళు పెడితే మళ్ళీ దీపాలవేళకే బయటికి తీసేవాళ్ళు. చెరువు గట్టున గాలం వేయడం బెస్తవాళ్ళకు పని, ఊరికే తిరిగేవాళ్ళకు కాలక్షేపం. మాకు రెండూ కాదు. అలాంటి మనిషికి నలభై దగ్గర పడ్డాక గాలం పిచ్చి పట్టింది. పిచ్చి అని అప్పుడూ నేనే అన్నాను, ఇప్పటికీ అంటాను. ఆ పిచ్చి మీద నాకు కోపం పోలేదు. ఆ మనిషి మీద మాత్రం ఎప్పుడో పోయింది.

ఆయన నాకు రెండు విధాల బావ. నా మొగుడు గంగాధరకు అన్న, మా అక్క కుళ్ళాయమ్మకు మొగుడు. అక్కచెల్లెళ్ళం అన్నదమ్ములను చేసుకుని ఒకే ఇంటికి కాపురానికి వచ్చాం. మొగుడి అన్న ఎదురుపడితే తలుపు చాటుకు పోవాలి, అక్క మొగుడితోనైతే పరాచికాలాడొచ్చు. నేను రెండోదే ఎంచుకున్నాను. మా అత్త రంగనాయకమ్మకు అది గిట్టేది కాదు.

ఆమెకు గిట్టనివి చాలా ఉండేవి. వాటన్నిటిలోకి పెద్దది ఒక మాట. మా మామ పోయిన రోజు పొద్దున, ఆయన కూర్చున్న మగ్గం మీద పోగు తెగితే, ఎవరో "తెగింది, తెగింది" అని గట్టిగా అరిచారట. మధ్యాహ్నానికి ఆయన లేడు. అప్పటినుంచి ఆ ఇంట్లో మగ్గం దగ్గర ఆ మాట అనకూడదు. పోగు తెగితే "విడింది" అనాలి. మరిచిపోయి ఎవరైనా అంటే అత్త మూతి మీద ఒకటి తగిలించి, మగ్గం మీద పసుపు నీళ్ళు చల్లేది. కొత్తలో నాకూ తగిలింది. తర్వాత అలవాటైపోయింది. బావ, నా మొగుడు చిన్నప్పటినుంచి ఆ ఇంట్లో పెరిగినవాళ్ళు కాబట్టి వాళ్ళ నోటికి వేరే మాటే వచ్చేది కాదు. పోగే కాదు, చెప్పు వారు తెగినా, చేద తాడు తెగినా విడిందనే అనేవాళ్ళు.

ఇక మా అక్క సంగతి. ఒక పడుగు మీద చీరలన్నీ నేశాక మగ్గంలో పాత పోగుల కొనలు మిగిలి ఉంటాయి. కొత్త పడుగు వచ్చినప్పుడు దాని పోగులను ఆ పాత కొనలకు ఒక్కొక్కటిగా అతకాలి. వేల పోగులు. ముడి వేస్తే కుదరదు, పోగులను విడదీసి ఉంచే దువ్వెన లాంటి పన్నె సందుల్లో ముడి దూరదు. బొటనవేలికీ చూపుడువేలికీ కాస్త బూడిద అద్దుకుని, రెండు కొనలూ కలిపి, మెలి తిప్పాలి. అతికిన చోటు కంటికి కనపడకూడదు, చేతికి తగలకూడదు, మగ్గం ఎంత లాగినా విడకూడదు. అచ్చు అతకడం అంటే ఇదే, ఆడవాళ్ళ పని. అక్క, నేను ఎదురెదురుగా కూర్చుని చేసేవాళ్ళం. నాది పనికొచ్చే చెయ్యి, అక్కది పేరున్న చెయ్యి. కొత్త పడుగు తెచ్చుకున్న ఇళ్ళవాళ్ళు మా గడప దగ్గరికి వచ్చి, "కుళ్ళాయక్కా, నువ్వే రావాల" అని పిలుచుకుపోయేవాళ్ళు. పిల్లాపాపా లేని మా అక్కకు వీధిలో తలెత్తుకుని తిరగడానికి ఆ చెయ్యే ఆధారం. అంతకంటే వేరే మాట లేదు.

ఆ ఏడు వానలు బాగా పడి చెరువు నిండింది. బావ ఏదో పని మీద గట్టు వెంబడి వస్తూ, రైలు గార్డు దొర ఒకడు గాలం వేయడం చూశాడు. ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తడం మరిచిపోయాడు.

"పట్టు దారం, కుళ్ళాయీ! ఆయప్ప గాలానికి ఉండేది పట్టు దారం. ఎర లేదు, ఏం లేదు. కోడి ఈకను పురుగు మాదిరి కట్టినాడు. కట్టె ఇట్లంటే దారం ఎనక్కి పోతాది, అట్లంటే ముందుకు పోతాది. గాలిలోనే ఉంటాది అంతసేపు. నీళ్ళమీద పడేటప్పుడు చప్పుడే లేదు."

"చేప పడిందా?" అని నేను అడిగాను.

"చేపనెవరు చూసినారు?" అన్నాడు.

ఆయన పిచ్చి అక్కడుంది. పుట్టినప్పటినుంచి పట్టును మగ్గానికి కట్టేసి చూసిన మనిషి, అది విప్పుకుని గాలిలో తిరగడం మొదటిసారి చూశాడు. మరునాడు మళ్ళీ పోయాడు. దొర ఆ కట్టెను చేతికిచ్చి పట్టుకోనిచ్చాడట. ఒక్క వెదురు కాదది, సన్నటి బద్దలు ఆరు అతికి చేసిందని, దారం పోవడానికి కట్టె పొడుగునా చిన్న కడియాలున్నాయని, ఆ కడియాలను కట్టెకు పట్టు దారంతోనే చుట్టి బిగించారని చూసి వచ్చాడు. అలాంటిది తానొకటి చేసుకోవాలన్నాడు. అత్త తలకొట్టుకుంది. అక్క నవ్వింది.

పెనుకొండలో మేదర లింగప్ప అని తెలిసినవాడు ఉండేవాడు. బావ రైలెక్కి అతని దగ్గరికి పోయాడు.

"గాలానికా? దానికి ఎదురు చీల్చడమెందుకప్పా, ఏదైనా కొమ్మ ఇరుచుకోరాదా?" అన్నాడట లింగప్ప. అయినా చీల్చి ఇచ్చాడు. బావ ఆ బద్దలను మగ్గం పక్కనే పెట్టుకుని, సందు దొరికినప్పుడల్లా గీకుతూ, మూడు మూలలు తేలుస్తూ కూర్చున్నాడు. వడ్రంగులు వాడే జిగురు కాచి అతికాడు. మొదటిది ఆరేసరికి పచ్చి అరటికాయలాగా వంకర తిరిగింది. రెండోది మధ్యలో నోరు తెరిచింది. బద్దలు పాడైపోతే మళ్ళీ పెనుకొండ పోయాడు. లింగప్పకే జాలేసి ఈసారి కణుపులు దూరంగా ఉన్న వెదురు ఏరి, నీడన ఆరబెట్టి ఇచ్చాడు. అది నిలబడింది. చేత్తో పట్టుకుని ఊపితే కొన ఊగి, మెల్లగా వచ్చి నిలిచేది. బావ ఆ కట్టెను ఊపి చూసుకుంటుంటే మా ఇంట్లో మగ్గం చప్పుడు ఆగిపోయేది, అత్త నోరు మొదలయ్యేది.

కడియాలకు హిందూపురం పోయాడు. అక్కడ మారప్ప అనే ఇత్తడి పనివాడు, "యాకప్పా ఇంత సన్నగా?" అని సగం కన్నడంలో ఎందుకో అడిగి, నున్నగా చేసి ఇచ్చాడు. కట్టె చివరన ఉండే కడియం మాత్రం అన్నిటికంటే చిన్నది, దాన్ని తర్వాతి సంతకు వస్తే ఇస్తానన్నాడు. చెరువులో నీళ్ళు ఉండగానే వేయాలని బావకు తొందర. ఇత్తడి తీగ ముక్క తెచ్చుకుని, తానే వంచి, ఆకురాయితో అరగదీసి పెట్టుకున్నాడు. ఆ కడియం సంగతి గుర్తుంచుకోండి.

కడియాలను కట్టెకు చుట్టడానికి చీర అంచుల్లో మిగిలిన మిరపపండు రంగు పట్టు వాడాడు. ఒక పోగు పక్కన ఒక పోగు, సందు లేకుండా చుట్టి పైన లక్క పూశాడు.

"ఏం బావా, చేపకు చీర పెడతాండావా?" అన్నాను.

"చేపకెందుకు, మీ అక్కకే" అన్నాడు. అక్క సిగ్గుపడి లోపలికి పోయింది. పెళ్ళయి ఇరవై ఏళ్ళు దాటిన మనిషి.

ఇక మిగిలింది దారం. మంచి పట్టంతా షావుకారిది. మాకు మిగిలేవి పడుగు కొనల ముక్కలే. వాటిని పురిపెట్టి దారం చేయాలి. ముక్కకూ ముక్కకూ మధ్య అతుకు ఉండాలి. ముడి వేస్తే పన్నెలో దూరనట్టే కడియాల్లోనూ దూరదు. బావ ఆ ముక్కలన్నీ ఒళ్ళో వేసుకుని అక్క ముందు కూర్చున్నాడు.

"నీ చెయ్యే కావాల కుళ్ళాయీ. ఇంగెవరు అతికినా నీళ్ళలో నిలవదు."

అక్క ఆ ముక్కలను చూసి, నా వైపు చూసింది. ఎందుకు చూసిందో నాకొక్కదానికే తెలుసు.

ఆ ఎండాకాలం అక్కకు విషజ్వరం వచ్చి తగ్గింది. తగ్గాక వేళ్ళ కొనలు మొద్దుబారాయి. ఒకరోజు పొయ్యి మీది గిన్నెను వట్టి చేత్తో పట్టుకుని, చర్మం కమిలేదాకా తెలుసుకోలేదు. పడుగు అతికేటప్పుడు తనది ఒకటీ అరా విడుతుంటే, ఎవరూ చూడకుండా నేను మళ్ళీ మెలి తిప్పి సరిచేసేదాన్ని. ఇద్దరం ఆ విషయం మాట్లాడుకోలేదు. ఆరోజు మాత్రం బావ లేచిపోయాక అక్క నోరు విప్పింది.

"నాగరత్నా, ఈ దారం నువ్వు ముట్టొద్దు. నేనొక్కదాన్నే అతుకుతా. నీళ్ళలో నిలిచిందంటే నా చెయ్యి ఇంగా ఉండాదని. నిలవకపోతే..."

"నిలవకపోతే ఏమి?"

"ఇంగ అచ్చు ముట్టను. ఊరికే పేరు మోసుకుని ఒకరి పడుగు చెడగొట్టేది నా చేత కాదు. మీ బావతో అనొద్దు. ఆయప్ప తట్టుకోలేడు."

వద్దని చెప్పి చూశాను. అక్క వినలేదు. చాలా రోజులు పట్టింది. వేళ్ళకు తెలియనిది పెదవులకు తెలుస్తుందని, ఒక్కొక్క అతుకునూ పెదవులకు ఆనించి చూసుకునేది. కొంచెం అనుమానం వచ్చినా విప్పి మళ్ళీ అతికేది. అన్నీ అయ్యాక బావ దారమంతా అవిసె నూనెలో నానబెట్టి, తుడిచి, ఆరబెట్టి, పాత రాట్నం కండెకు చుట్టి కట్టె మొదట్లో బిగించాడు.

చెరువుకు పోకముందు మా వీధిలోనే విసిరి చూసుకున్నాడు. ఆ సాయంత్రం నేను మరిచిపోలేను. వీధంతా అరుగుల మీద నిలబడింది. మొదటిసారి దారం ఆయన మెడకే చుట్టుకుంది. రెండోసారి పోయి అత్త ఆరబెట్టిన వడియాల మీద పడింది. అత్త తిట్లకు హద్దు లేదు. తర్వాత ఎలా కుదిరిందో కుదిరింది. దారం వెనక్కి పోయి, పూర్తిగా సాగి, ముందుకు వచ్చి, వీధి చివరన నేల మీద మెల్లగా వాలింది. అక్క గడపలో నిలబడి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని చిన్నపిల్లలాగా నవ్వింది. ఆ దారంలో తన అతుకులు గాలిలో పోతున్నాయి, ఒక్కటీ విడలేదు.

"చూస్తివా?" అంది నాతో.

"చూస్తి" అన్నాను.

మరునాడు బావ చెరువుకు పోయాడు. ఆడవాళ్ళం వెంట పోలేదు. అక్క ఆ పొద్దంతా ఏ పనీ సరిగా చేయలేదు, చేటలో బియ్యం పోసుకుని ఏరిందే ఏరింది. పొద్దు వాలే వేళకు బావ వచ్చాడు. పంచె మోకాళ్ళదాకా తడిసి ఉంది. కట్టె భుజం మీద ఉంది, చేతిలో చేప లేదు. ముఖంలో కళ లేదు.

"ఏమాయె?" అంది అక్క.

"పెద్ద కొర్రమీను, కుళ్ళాయీ. ఇంత ఉండాది. పట్టింది, లాగినా, వస్తాండె..." బావ చేతులు చాచి చూపించబోయి దించేశాడు. "విడింది."

"విడిందా?"

"విడింది. పోనీలే, నువ్వేం జేస్తావు."

అంతే అన్నాడు. కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి పోయాడు. కట్టెను దారంతోనే అటక మీద పెట్టేశాడు. చేప పోయిందన్న దిగులు తప్ప ఆయన మనసులో ఇంకేమీ లేదు. అది నాకు ఇప్పుడు తెలుసు. ఆరోజు తెలియదు. అక్కకు ఎప్పుడూ తెలియలేదు.

నేసేవాడి నోట్లో మా ఇంటి ఆ మాటకు పోగు తెగిందని అర్థం. అతికేదాని చెవికి అతుకు విడిందని అర్థం. మామూలు రోజుల్లో ఆ తేడా వల్ల చిక్కేమీ ఉండేది కాదు. మగ్గం దగ్గరికి పోయి వంగి చూస్తే ఏదైందో కనిపించేది. ఆరోజు ఆ మాట చెరువు నుంచి నడిచి వచ్చింది. వంగి చూడడానికి ఎదుట ఏమీ లేదు. నేనూ అక్క విన్నట్టే విన్నాను, ఎందుకంటే అక్క వేళ్ళ సంగతి తెలిసినదాన్ని నేనే.

"అటక మీద నుంచి దించి చూస్తా అక్కా, ఏ అతుకో" అన్నాను.

"వద్దు. నా మీద ఒట్టు. చూసి చెప్పినావంటే నేను ఓర్చుకోలేను."

బావ అనలేదు కదా, ఒక్క మాటయినా తప్పు పట్టలేదు కదా అని ఓదార్చబోయాను. "అందుకే గదా" అంది. "పోనీలే, నువ్వేం జేస్తావు అనె. ఆయప్పకు గూడా తెలిసిపోయిండాది, నా చెయ్యి పోయిందని. తిట్టింటే బాగుండు."

ఆ తర్వాత అక్క అచ్చు ముట్టలేదు. పిలవడానికి వచ్చినవాళ్ళతో నడుము నొప్పి అని చెప్పింది. కొన్నాళ్ళకు పిలవడం మానేశారు. బూడిద మూట నా చేతికిచ్చింది. బావ అడిగితే, "చాలు, ఎన్నాళ్ళు చేస్తా" అనింది. ఆయన నమ్మాడు. మగవాళ్ళు సులభంగా నమ్మే మాటలు కొన్నుంటాయి. మనిషి ముందులాగానే వండింది, వడ్డించింది, నీళ్ళు తోడింది. కాని వీధిలోకి పోతే గోడ పక్కన నడిచేది. కొత్త పడుగు విప్పే ఇంటిముందు నుంచి పోవాల్సి వస్తే చుట్టు తిరిగి పోయేది.

మరుసటి చలికాలం ఊళ్ళో ఎలుకలు చచ్చి పడ్డాయి. ప్లేగు అన్నారు. తలుపులకు తాళాలు వేసి అందరం ఊరి బయట చేలల్లో గుడిసెలు వేసుకున్నాం. అక్కకు చంకలో గడ్డ లేచింది. జ్వరం పైకెక్కి స్పృహ తప్పుతూ, వస్తూ ఉంది. బావ గుడిసె వాకిలి వదల్లేదు. నన్ను దగ్గరికి పోవద్దన్నారు గాని నేను ఎవరి మాటా వినలేదు. అక్క పక్కకు ఒత్తిగిలి, పొయ్యిలోని బూడిదలో వేళ్ళు పెట్టి, బొటనవేలూ చూపుడువేలూ రాస్తోంది. మెలి తిప్పడం, లాగి చూడడం, మళ్ళీ మెలి తిప్పడం. ఆ వేళ్ళ మధ్య ఏమీ లేదు.

"చూడు నాగరత్నా, నిలుస్తాందా?"

"నిలుస్తాంది అక్కా, గట్టిగా ఉండాది."

"అబద్ధాలు" అంది. ఆ పూటే పోయింది.

బావ మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. అత్త చెప్పి చెప్పి ఊరుకుంది. నాకు ఆయన మీద అప్పుడు చాలా కోపం ఉండేది. గాలం చేయకుండా ఉంటే ఆ దారం ఉండేది కాదు, ఆ దారం లేకపోతే అక్క తన చేతిని అలా పరీక్షకు పెట్టుకునేది కాదు. ఆయన ముందు అన్నం పళ్ళెం పెడుతూ ఎన్నిసార్లు ఈ మాట నాలుక చివరిదాకా వచ్చిందో! అక్క వద్దంది కాబట్టి మింగేశాను. పరాచికాలు కూడా మానేశాను. తలుపు చాటుకు పోయే బావ అయ్యాడు.

తర్వాత యుద్ధం వచ్చింది. పట్టంతా పారాచూట్లకు పోతోందన్నారు. మైసూరు వైపు నుంచి పట్టు రావడం ఆగిపోయింది. ఆ ఏళ్ళలోనే వానలూ ముఖం చాటేశాయి. మగ్గాలన్నీ పాత పడుగు కొనలు వేలాడేసుకుని ఊరికే ఉన్నాయి. ఇంట్లో సంగటి తప్ప మరేమీ లేని ఒక పొద్దున బావ అటకెక్కి ఆ కట్టెను దించాడు. చెరువు నడిమధ్య కొన్ని నీళ్ళు మిగిలి ఉన్నాయి. రెండు చేపలు పడితే పులుసైనా అవుతుందనుకున్నాడు.

కట్టెను చూడగానే నా ఒళ్ళు మండింది. ఉతికే బట్టలు చంకన పెట్టుకుని వెనకే పోయాను. ఆయన గట్టు దిగి, దారం విప్పుకుంటున్నాడు. అప్పుడు ఆపుకోలేకపోయాను.

"దాన్ని ఇంగా ఎందుకు బావా పట్టుకుంటావు? మా అక్కను తినేసిన దారం. కాల్చెయ్."

బావ తలెత్తి చూశాడు. "ఏమంటాండావు?"

"అక్క అతుకు విడిన దారమది. ఆ దిగులుతోనే గదా ఆమె అచ్చు వదిలేసింది. నువ్వు విడిందని వచ్చి చెప్పిన పొద్దే ఆమె సగం పోయింది."

"ఏ అతుకు విడింది?" అన్నాడు బావ. ఆయన గొంతులో కోపం లేదు, ఏమీ అర్థం కాని మనిషి గొంతు అది. "మీ అక్క అతుకు ఒగటి గూడా విడల్యా. అన్నీ ఈడే ఉండాయి గదా."

ఆయన చేతిలోంచి దారం లాక్కున్నాను. అతుకు చేతికి తగలకూడదని చెప్పాను గాని అతికేవాళ్ళ చేతికి తెలుస్తుంది, ఆ చోట పురి వెంట్రుకవాసి బిగువుగా ఉంటుంది. కళ్ళు మూసుకుని వేళ్ళ మధ్య లాగుతూ పోయాను. ఒక అతుకు. ఇంకొకటి. ఇంకొకటి. అన్నేళ్ళు అటక మీద పడి ఉన్నా ఏదీ కదల్లేదు. చివరికి వచ్చి కళ్ళు తెరిచాను. విడిన అతుకైతే కొన సన్నగా సాగి, బూడిద రంగు తేలి ఉండాలి. ఇక్కడ అతుకే లేదు. మంచి దారం అడ్డంగా, పీచులు పీచులుగా తెగి ఉంది.

ఆ కొనను బావ ముందు పెట్టాను. "ఇది తెగిందే బావా" అన్నాను.

"అవును. ఆ పొద్దే చెప్తి గదా."

"విడిందంటివి గదా!"

"విడిందనక ఏమనాల?" అన్నాడు బావ. "మనింట్లో ఇంగేమంటాం?"

అన్న తర్వాత ఆ మాట ఆయనకే వినిపించింది. అప్పుడిక దాచి ప్రయోజనం లేదని అక్క వేళ్ళ సంగతి, ఆమె పెట్టుకున్న పంతం, పెదవులకు ఆనించి చూసుకోవడం, అన్నీ చెప్పాను. "పోనీలే, నువ్వేం జేస్తావు" అన్న మాటను ఆమె ఎలా తీసుకుందో కూడా చెప్పాను. ఆయన వింటూ దారం కొనను కట్టె చివరి కడియంలో దూర్చి ముందుకూ వెనక్కూ లాగుతున్నాడు. ఊరికే, చేతికి ఏదో ఒక పని ఉండాలని. లాగుతుంటే దారం పట్టుకుంది. మళ్ళీ లాగాడు, మళ్ళీ పట్టుకుంది. వేలు పెట్టి తడిమి చూశాడు. కడియం లోపలి అంచున ఆకురాయి తగలకుండా మిగిలిపోయిన చిన్న ముల్లు ఉంది. వేలికి రక్తం వచ్చింది.

"పెద్ద చేప గదా, అందుకని అనుకుంటి" అన్నాడు. "ఇది నేను చేసిన కడియం, నాగరత్నా. దారం కోసింది నా చెయ్యి. ఆమె చెయ్యి కాదు."

వేలి రక్తం పంచెకు తుడుచుకున్నాడు.

"పోయేటప్పుడు గూడా అదే అనుకున్యాదా?"

కాదని చెప్పాలనుకున్నాను. అక్క పక్కన కూర్చుని ఒకసారి అబద్ధం చెప్పాను, ఆమె నమ్మలేదు. ఇంకోసారి చెప్పడానికి నోరు రాలేదు. "అవును బావా" అన్నాను.

ఆయన ఏడ్చాడు. మగవాడు అలా ఏడవడం నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. అక్క చచ్చిపోయినప్పుడు కూడా అలా ఏడవలేదు. అప్పుడు పోయింది మనిషి, దానికి దేవుణ్ణి తిట్టొచ్చు. ఇప్పుడు తిట్టడానికి ఒక ఇత్తడి ముక్క, ఒక మాట తప్ప ఇంకేమీ లేవు. నా ఏడుపు ఆయనకు వినపడకుండా బట్టలు బండకేసి ఉతికాను. ఆ రోజు చేపలు పట్టలేదు. దారం జాగ్రత్తగా కండెకు చుట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాడు.

యుద్ధం అయిపోయిన కొన్నాళ్ళకు మళ్ళీ పట్టు వచ్చింది. మా ఇంటి రెండు మగ్గాలకూ కొత్త పడుగులు నేనే అతికాను. ఎదురుగా అక్క కూర్చునే చోటు అలాగే వదిలేశాను, ఎవరినీ కూర్చోనివ్వలేదు. అన్నదమ్ములు గుంతల్లో కాళ్ళు పెట్టి మొదలుపెట్టిన పొద్దున, చాలా ఏళ్ళకు మగ్గం చప్పుడు వింటున్నామని అత్త ముసలిది మంచం మగ్గాల దగ్గరికే వేయించుకుంది. కాసేపటికి నా మొగుడు మగ్గం ఆపి, అలవాటుగా కేకేశాడు.

"నాగరత్నా, ఈడ పోగు విడింది, రా."

బావ చేతిలో, పేక పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడె ఆగిపోయింది.

"విడిందా, తెగిందా?" అన్నాడు.

నా మొగుడు బిత్తరపోయి తల్లి వైపు చూశాడు. "అదే అన్నా, విడింది."

"చూసి చెప్పురా! అతుకు విడితే విడిందను. పోగు తెగితే తెగిందను. తెగింది, తెగింది అను! ఈ ఇంట్లో ఇంగ ఎవరూ..." బావ మధ్యలోనే ఆగిపోయాడు.

అత్త మంచం మీద లేచి కూర్చుంది. పసుపు నీళ్ళు తెమ్మంటుందనుకున్నాను. పెద్దకొడుకు ముఖం చూసింది. చెరువు గట్టు మీది సంగతి ఆమెకు నేను ఎప్పుడో చెప్పాను.

"అన్న చెప్పినట్ల అను రా గంగాధరా" అంది.

నా మొగుడు వంగి చూశాడు. ఆ ఇంట్లో పుట్టి పెరిగిన మనిషికి ఆ మాట నోట్లోంచి రావడం కష్టమైంది.

"తెగింది" అన్నాడు మెల్లగా.

నేను పోయి, బూడిద అద్దుకుని, ఆ పోగును అతికాను. బావ గుంతలోంచి లేవలేదు, నాడె ముట్టలేదు. ఎదురుగా ఖాళీగా ఉన్న అక్క చోటును చూస్తూ, "విన్నావా కుళ్ళాయీ, తెగింది" అన్నాడు.